బాలింత యింటికి నర్సమ్మ – ప్రజాధనము

వైద్యశాల యనగానే మనకు కట్టడమును, మంచములును, మందుసీసాలును స్ఫురించును. రోగి వైద్యుని చెంతకు పోవుట లోకమర్యాద. అయితే వైద్యమే గడప వెదకికొనుచు పోవలసిన సందర్భ మొకటి కలదు. అది గర్భిణి, బాలింత, పురిటిబిడ్డల సందర్భము. వీరు రోగులు కారు; కాని ప్రమాదమునకు మిక్కిలి చేరువగా నుండువారు. వీరి యిండ్లకు నర్సు పోయి చూచుట యెందుల కవసరమో, ఆ రాకపోకల వ్యయమును ప్రజాధనమునుండియే యేల భరింపవలెనో, మన ప్రాంతమున దాని నెట్లు లెక్కింపవలెనో ఈ పాఠమున విచారింతము.

మన గుండుగొలను ఏలూరునకును తాడేపల్లిగూడెమునకును నడుమ పెద్దరహదారిపై నున్న గ్రామము. దక్షిణమునకు పోయినకొలది నేల పల్లమై, చేపల చెఱువులును గట్లును దాటి, కొల్లేటి లంకలు వచ్చును. రహదారి ప్రక్కనున్న యింటికి వాహనము క్షణములలో చేరును. లంకలోని యింటికి అట్లు చేరదు. విద్యార్థులు ఈ భేదమును మనస్సునం దుంచుకొని తక్కిన భాగమును చదువవలెను.

1. అపాయ మెప్పుడు వచ్చును?

బిడ్డ పుట్టినతోడనే గండము గడచినదని మన పెద్దలు సంతోషింతురు. వైద్యశాస్త్రము మాత్రము కాన్పు తరువాత 42 దినముల వఱకు బాలింతను కనిపెట్టియుండవలెనని చెప్పుచున్నది. కాన్పు తరువాత అధిక రక్తస్రావము తల్లుల మరణములకు ముఖ్యకారణములలో నొకటి. పిదప సూతికాజ్వరము రావచ్చును. రక్తపుపోటు హెచ్చి వచ్చు మూర్ఛలు కాన్పు తరువాత సయితము రాగలవు. బిడ్డల విషయము చూడుడు. పుట్టిన 28 దినములలోపల మరణించు శిశువులలో సుమారు నాలుగింట మూడు వంతులు మొదటి వారమునందే మరణించుచున్నారు. సుఖప్రసవమైన తల్లి సాధారణముగా రెండుమూడు దినములలో ఇల్లు చేరును. అనగా అపాయకరమైన దినములలో అధికభాగము వైద్యుని కన్నులయెదుట గాక, పురిటిగదిలోనే గడచుచున్నవి.

ఆ గదిలోనికి పోయిన నర్సు చేయు పని పైకి చిన్నదిగా కనబడును. తల్లికి జ్వరముగాని, అధిక రక్తస్రావముగాని కలదా యని విచారించును. రక్తపుపోటు చూచును. కంటిఱెప్ప దించి రక్తహీనతను గుర్తించును. బిడ్డను తూచి, ఒడలు చల్లబడినదా, పాలు గట్టిగా పీల్చుచున్నదా, బొడ్డు చీము పట్టినదా యని పరీక్షించును. ముఱ్ఱుపాలు పిండి పాఱబోయుట, బిడ్డనోట తేనెయో ఆముదమో పోయుట, బాలింతకు మంచినీరు తగ్గించుట మొదలగు నలవాట్లు వైద్యశాలలో కనబడవు, ఇంటిలోనే కనబడును. ఇంటి పెద్దామెను "అమ్మమ్మగారూ" యని మర్యాదగా పిలిచి, ఆమె చేతనే ఆ యలవాటు మాన్పింపగల నేర్పు కాగితముపై వ్రాసి యిచ్చిన సలహాకు లేదు.

2. పూర్వము ఈ వ్యయము నెవరు భరించిరి?

ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమున 1859లో విలియం రాత్‌బోన్ అను వర్తకుడు, తన భార్య యవసానకాలమున సేవచేసిన నర్సునే జీతమిచ్చి పేదల యిండ్లకు పంపెను. 1862లో సాల్‌ఫర్డ్ పట్టణమున స్త్రీల సంఘ మొకటి యింటింట ఆరోగ్యము బోధించు స్త్రీలను నియమించెను. ఇవి దాతల ధర్మములు. దాత యున్నంతకాలమే ధర్మము నడచును. కావుననే ఆ దేశమున 1918లో తల్లీబిడ్డల సంక్షేమ చట్టము చేసి, స్థానిక సంస్థలు తమ నిధులనుండి ఈ సేవకు వెచ్చించు నధికారము నొసంగిరి.

మన దేశమునను కథ యిట్లే నడచినది. 1883లో గుంటూరునకు వచ్చిన డాక్టరు అన్నా సారా కూగ్లరు, గడప దాటి రాలేని స్త్రీలను వారి యిండ్లలోనే చూచి చికిత్స చేసెను. 1898లో ఆమె వైద్యశాల తెఱవబడెను. ఆ ధనము మిషను చందాలవలన వచ్చినది. తరువాత చెన్నరాజధానిలో 1939లో చేసిన ప్రజారోగ్య చట్టము తల్లీబిడ్డల సంక్షేమమును స్థానిక సంస్థల విధిగా జేసెను. పురపాలక సంఘములు ప్రభుత్వ గ్రాంట్లు గాక తమకు వచ్చు నాదాయమున నూటికి 30 వంతులకు తక్కువ గాకుండ, జిల్లాబోర్డులును పంచాయతీలును నూటికి 12½ వంతులకు తక్కువ గాకుండ ప్రజారోగ్యమునకు ప్రత్యేకింపవలెనని విధించెను. అప్పుడు మన గ్రామము 1925లో ఏర్పడిన పశ్చిమగోదావరి జిల్లాలోనిది. ఇంటిసేవ దాత దయనుండి పన్ను చెల్లించువాని హక్కుగా మాఱుటకు ఈ చట్టమొక మెట్టు. 1946లో భోర్ సంఘము నివేదిక సమర్పించి, 40,000 జనమునకొక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమును, అందు నలుగురు ప్రజారోగ్య నర్సులును నలుగురు మంత్రసానులును ఉండవలెనని సూచించెను.

3. నేటి యేర్పాటు

ఇప్పుడు గ్రామమున ఇద్దఱు స్త్రీలు ఈ పనిలో ముఖ్యులు. ఏ.ఎన్.ఎం. శిక్షణ పొందిన నర్సు. ఈమె యుపకేంద్రమునకు చేరినది. ఆశా కార్యకర్త 2005లో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషను క్రింద వచ్చినది. ఈమె నర్సు కాదు. ఆ గ్రామమునందే యుండి, అపాయచిహ్నములను గుర్తించి నర్సునకు తెలుపునది. సుమారు వేయి జనమున కొక ఆశా యుండవలెనని నియమము.

2011లో వచ్చిన నియమము ననుసరించి, వైద్యశాలలో కాన్పైన బిడ్డను ఆశా 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఆఱుమాఱులు ఇంటికి పోయి చూడవలెను. ఇంటిలో కాన్పైనచో మొదటి దినమునను పోవలెను. దీనికి 250 రూపాయలు నిర్ణయించిరి. 2018లో మఱియొక నియమము వచ్చెను. బిడ్డకు 3, 6, 9, 12, 15 నెలలు నిండినప్పుడు పోయి చూచుటకు మాఱొకటికి 50 రూపాయలు. ఆరోగ్య మిషను వ్యయమును మన రాష్ట్రము వంటి వానియందు 2015–16 నుండి కేంద్రము 60 పాళ్లును, రాష్ట్రము 40 పాళ్లును భరించునట్లు విభజించిరి. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2019లో ఆశాల నెలవేతనమును 10,000 రూపాయలకు పెంచెను.

ఈ నడకవలన ఫల మేమని యడుగవచ్చును. తెలంగాణకు పొరుగుననున్న గడ్చిరోలి జిల్లాలో డాక్టరు అభయ్ బంగ్, డాక్టరు రాణీ బంగ్ దంపతులు 39 గ్రామములలో స్థానిక స్త్రీలకు శిక్షణ యిచ్చి, ఇంటింట శిశుసంరక్షణ జరిపించిరి. పోల్చి చూచుటకై 47 గ్రామముల నుంచిరి. 1999లో ప్రకటింపబడిన ఫలితము ప్రకారము, మూడవ యేటికి నవజాత శిశుమరణములు నూటికి 62 వంతులు తగ్గెను. మన రాష్ట్రమున లక్ష సజీవజననములకు తల్లుల మరణములు 2001–03లో 195, 2018–20లో 45. ఈ తగ్గుదలకు వైద్యశాలలు, వాహనములు, రహదారులు, స్త్రీవిద్య అన్నియు కారణములే. గర్భిణిని ముందుగా గుర్తించి వైద్యశాలకు చేర్చిన యింటిసందర్శనము వానిలో నొకటి.

4. ఒక చిన్న లెక్క

2020లో మన రాష్ట్రమున వేయిమందికి సుమారు 16 జననములు. అనగా ఒక ఆశా కార్యకర్త వంతునకు ఏటికి 16 మంది బిడ్డలు. ఒక్కొక్కరికి మొదటి 42 దినములలో 6 మాఱులు: 96. తరువాత 5 మాఱులు: 80. మొత్తము 176 రాకపోకలు. పై రేటున బిడ్డ కొకనికి 250, మరల 250. వెరసి 500 రూపాయలు. పదునాఱుగురకు 8,000 రూపాయలు. దీనిని వేయిమందికి పంచినచో మనిషికి ఏటికి 8 రూపాయలు! శిక్షణము, మందులు, నర్సు జీతము వేఱు. అయినను గడపదాఁక నడచిన నడక విలువ యింతే. ఇంత స్వల్పవ్యయమును మోయలేని ప్రభుత్వము లేదు.

ఇప్పుడు అసలు చిక్కు చూడుడు. ఈ ధనము తలల లెక్కను పంచబడుచున్నది. త్రోవ లెక్కను గాదు. గుండుగొలనులో రహదారి ప్రక్క ఆఱు ఇండ్లు చూచుట యొక పూట పని. లంకలలో ఒక్క బాలింతను చూచివచ్చుటకు ఆ పూట చాలకపోవచ్చును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి కొల్లేరు నిండినప్పుడు లంకల త్రోవలు నీట మునిగెను. వఱద మూడవ దినమో ఏడవ దినమో యని చూచి రాదు. ఆనాడు పడవ బాడుగ నెవ రిచ్చెదరు? అది నర్సమ్మ చేతి డబ్బైనచో, పేదరాండ్రు పేదరాలి సంసారము నడుపుచున్నట్లే.

దీనికి నియమములోనే యుపాయము కలదు. ఉపకేంద్రము మైదానమున 5,000 జనమునకును, కొండలు, గిరిజన ప్రాంతములు, దుర్గమ ప్రదేశములలో 3,000 జనమునకును ఉండవలెనని జాతీయ ప్రమాణము. త్రోవ కష్టమైనచోట జనసంఖ్య తగ్గింపవలెనను న్యాయమును ఆ ప్రమాణమే యొప్పుకొన్నది. కొల్లేటి లంకలు పటమున పల్లపు నేలలు, వఱదలో దుర్గమములు. వానినెల్లప్పుడును ఆ రెండవ లెక్కనే చూడవలెనని మా యభిప్రాయము. గ్రామ ఆరోగ్య సంఘములకు మిషను క్రింద ఏటికి 10,000 రూపాయల వఱకు స్వేచ్ఛగా వాడుకొను నిధి యేర్పాటు చేయబడినది. పడవ బాడుగ దానికి తగిన వ్యయము.

మఱియొక విషయము. మనలో తొలికాన్పునకు ఆడబిడ్డ పుట్టింటికి పోవును. ఆమె పేరు అత్తవారి గ్రామమున, ఆమె పురుడు పుట్టింటి గ్రామమున. ఈ రెండు గ్రామముల నర్సులును ఒకరినొకరు ఎఱుగకున్నచో ఆమె యిద్దఱి లెక్కలోనుండియు జాఱిపోవును. ఆమె వెంట తల్లీబిడ్డల రక్షణ కార్డు తప్పక పోవలెను. చీరె సారెలతో దానినిగూడ పెట్టెలో పెట్టుట తల్లిదండ్రుల విధి.

5. ఆక్షేపణకు సమాధానము

"నేడు నూటికి 96 మంది వైద్యశాలలోనే కనుచున్నారు, ఇంటికి పోవుట యేల?" యని కొంద ఱందురు. వైద్యశాల ఆమెను రెండుమూడు దినములు కాపాడును. తక్కిన నలుబది దినముల మాట యేమి? "చేతికి నగదు ఇచ్చుచున్నారుగదా" యని మఱికొంద ఱందురు. 2017 నుండి తొలిబిడ్డ తల్లికి మాతృవందన పథకమున 5,000 రూపాయలు నిర్ణయింపబడినవి. అది పాలు, గ్రుడ్లు కొనుట కుపకరించును. బిడ్డ యొడలు చల్లబడినదని నగదు చెప్పజాలదు, నర్సు చెప్పగలదు.

ఇక ఆ నర్సు, ఆ ఆశా కూడ స్త్రీలే. 2025లో మన రాష్ట్రప్రభుత్వము ఆశా కార్యకర్తలకు 180 దినముల ప్రసూతి సెలవు జీతముతో నిత్తుమని ప్రకటించెను. ఇరువది యేండ్లు ఇతరుల పురుళ్లు కనిపెట్టినవారికి ఈ మాట వినవచ్చుటకు అంతకాలము పట్టినది. గ్రామసభలో రోడ్లకును దీపములకును నిధులడుగునట్లే ఈ నడకకును నిధి యడుగుడని తల్లిదండ్రులను కోరుచున్నాము.

అభ్యాసము

1. మీ వీధికి వచ్చు నర్సు ఎంతదూరమునుండి, ఏ త్రోవను వచ్చునో పటము గీయుడు.

2. ఏటికి 176 రాకపోకలలో సగము లంకలలోనివై, ఒక్కొక్క దానికి పడవ బాడుగ 40 రూపాయలైనచో, వేయిమందికి మనిషి కొకనికి ఎంత హెచ్చు పడును?

3. దాత యిచ్చు ధనమునకును పన్ను వలన వచ్చు ధనమునకును గల భేదమును పది పంక్తులలో వ్రాయుడు.

4. బాలింతలో కనబడు అపాయచిహ్నములు నాలుగింటిని నేర్చి, ఇంటిలో పెద్దవారికి చదివి వినిపింపుడు.