నిమ్మగడ్డికి విటమిన్ స్ప్రే

ఆమధ్య ఊరినుంచి బాబాయి ఫోన్ చేసి, "నిమ్మగడ్డి మీద విటమిన్లు కొడితే నూనె ఎక్కువ దిగుతుందంటున్నారు, కొననా?" అని అడిగారు. కంప్యూటర్లు చదివినవాడికి వ్యవసాయం తెలియకపోయినా, లెక్క అడగడం తెలుసు కదా!

మొక్కలు తమ విటమిన్లు తామే తయారుచేసుకుంటాయి. మరి పైనుంచి ఇవ్వడం ఎందుకు? 1937లో కాల్టెక్‌లో జేమ్స్ బానర్, మొక్కనుంచి కత్తిరించిన బఠానీ వేర్లు పెరగడానికి బి1 విటమిన్ కావాలని చూపించాడు. అమెరికాలో తోటలు పెంచేవాళ్ళు బి1 సీసాల మీద పడ్డారు. తీరా చూస్తే, మొక్క మొత్తంగా ఉన్నప్పుడు ఆ బి1 ఆకులే తయారుచేసి వేర్లకి పంపుతున్నాయి! బానరే తర్వాత ఆ మోజుని తోసిపుచ్చాడు.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. ఉప్పునీరు, ఎండ, నీటి ఎద్దడి ఉన్నచోట ఆకుల్లో హానిచేసే ఆక్సిజన్ రూపాలు పెరుగుతాయి. విటమిన్ సి వాటిని అణుస్తుంది. నిమ్మగడ్డి వాసనకి కారణమైన సిట్రాల్ తయారీలో మొదటి మెట్టు దగ్గర పనిచేసే ఎంజైముకి బి1 తోడుండాలి. అందుకే ఈజిప్టు పరిశోధకులు సువాసన మొక్కల మీద ఇలాంటి స్ప్రేలు చాలానే పరీక్షించారు. ఇబ్బందిలో ఉన్న మొక్కకి ఉపయోగపడే అవకాశం ఉంది. నీరూ ఎరువూ బాగా అందే మడికి డబ్బు దండగే అని నా అభిప్రాయం.

మోతాదు సులువు. లీటరుకి 100 మిల్లీగ్రాములంటే 100 పీపీఎం. అంటే 5 లీటర్ల నీటికి అర గ్రాము. చక్కెర, రంగు కలిపిన మాత్రలు వద్దు, శుద్ధమైన పొడి మేలు. విటమిన్ సి గాలికీ వెలుతురుకీ పాడవుతుంది కాబట్టి అప్పటికప్పుడు కలిపి సాయంత్రం కొట్టాలి. నిమ్మగడ్డి ఆకుమీద నీళ్ళు జారిపోతాయి, ఒకటి రెండు చుక్కలు సబ్బునీళ్ళు కలపండి.

అసలు మోసం "నూనె శాతం" దగ్గరుంది. స్ప్రే లేని మడిలో 100 కిలోల గడ్డి, 0.40 శాతం నూనె అనుకోండి: 400 గ్రాములు. కొట్టిన మడిలో 120 కిలోలు, 0.36 శాతం: 432 గ్రాములు. శాతం తగ్గింది, నూనె పెరిగింది! ఇది తిరగబడవచ్చు కూడా, శాతం పెరిగి గడ్డి బరువు పడిపోవచ్చు. ప్రకటనలో ఏదో ఒక అంకె మాత్రమే ఉంటే నమ్మకండి.

బాబాయికి చెప్పిందిదే: ఆరు చిన్న మళ్ళు గుర్తుపెట్టి, మూడింటికి విటమిన్ నీళ్ళు, మూడింటికి అదే సబ్బు కలిపిన ఉత్త నీళ్ళు కొట్టండి. మిగతావన్నీ సమానం. ఒకేరోజు కోసి తూచండి. ఒక్కో మడి గడ్డిలో కొంత దగ్గర్లోని కాలేజీ లాబులో క్లెవెంజర్ గాజు పరికరంతో నూనె తీయించండి. సీసా ఖరీదు, కూలీ ఖర్చు పోను ఎన్ని గ్రాములు మిగిలాయో చూశాకే ఎకరానికి కొనండి.