వెనక కుర్చీ



పైలట్ కాకుండానే సిమ్యులేటర్ ఇన్‌స్ట్రక్టర్ కావచ్చా అని అడిగావు, బిడ్డా. కాలేవు. ఎయిర్‌లైన్ పైలట్లకు నేర్పేవాళ్లు ముందు తాము నేర్పే విమానం నడిపినవాళ్లే అయి ఉండాలి. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్, ఆ తర్వాత మెడికల్ పరీక్ష, 200 గంటలు ఎగిరి కమర్షియల్ లైసెన్సు, టైప్ రేటింగ్, కో-పైలట్‌గా కొన్నేళ్లు, 1500 గంటలు దాటాక పై లైసెన్సు. ఆపైన విమానయాన అధికారులు, అంటే డీజీసీఏ, ఒప్పుకుంటేనే సిమ్యులేటర్‌లో ఇన్‌స్ట్రక్టర్ కూర్చునే వెనక కుర్చీ. ఖర్చు సంగతి మీ బాపుతో విడిగా మాట్లాడతా.

65 నిండితే ప్రయాణికుల విమానం నడపనివ్వరు. అప్పుడు సిమ్యులేటర్ వైపు వచ్చేవాళ్లు చాలామంది. బాగా నడిపినవాళ్లంతా బాగా నేర్పుతారని మాత్రం అనుకోకు. నేను చూసినంతలో అది సగం కూడా నిజం కాదు.

సిమ్యులేటర్ అంటే ఆరు కాళ్ల మీద నిలబడ్డ పెట్టె. లోపల అచ్చం కాక్‌పిట్. టేకాఫ్‌కి థ్రాటిల్ తోస్తే పెట్టె ముందుకు పరిగెత్తదు, ఎక్కడికని పరిగెత్తుతుంది? మెల్లగా వెనక్కి వాలుతుంది. ఎదురుగా రన్‌వే చదునుగానే కనిపిస్తుంటుంది కాబట్టి, వీపు సీటుకు ఒత్తుకోవడాన్ని ఒళ్లు వేగం పెరగడం అనుకుంటుంది. మనిషి ఒళ్లు అంత తేలిగ్గా మోసపోతుంది. నువ్వు నేర్పబోయే చదువంతా ఇక్కడే మొదలవుతుంది.

1978 జనవరి 1 రాత్రి సాంతాక్రూజ్ నుంచి దుబాయ్‌కి లేచిన ఎయిర్ ఇండియా 747 ‘ఎంపరర్ అశోక’ రెండు నిమిషాలైనా గడవకముందే బాంద్రా ఎదుట సముద్రంలో పడింది. 213 మంది పోయారు. విమానం ఎటు వాలిందో చూపే పరికరం కెప్టెన్ వైపు చెడిపోయి, కుడికి వాలినట్టే చూపిస్తూ ఉండిపోయింది. చీకటి, కింద సముద్రం, ఒంటికి ఏ ఆనవాలూ లేదు. ఆయన దాన్నే నమ్మి ఎడమకు తిప్పుతూ పోయారు. కో-పైలట్ ముందు అలాంటిదే మరొకటి ఉంది, స్టాండ్‌బై ఇంకొకటి ఉంది. పోల్చి చూసుకునే లోపే అయిపోయింది.

సిమ్యులేటర్‌లో ఇంజిన్ ఆపడం ఇన్‌స్ట్రక్టర్‌కు తేలిక. ఆర్నెల్లకోసారి చెక్‌కి వచ్చే ప్రతి పైలట్‌కూ అది వీ-వన్ దగ్గర, అంటే ఇక టేకాఫ్ ఆపకూడని వేగం దగ్గర, వస్తుందని తెలుసు, రడ్డర్ మీద కాలు పెట్టుకునే కూర్చుంటాడు. గంట మోగని లోపం ఇవ్వడమే కష్టం. ఒక వైపు ఒక్క పరికరం చప్పుడు లేకుండా అబద్ధం చెప్పడం మొదలుపెట్టాలి. ఇద్దరిలో ఎవరు ముందు పక్కవాడి వైపు చూస్తారో నువ్వు వెనక నుంచి గమనించాలి.

ఇంకొక సంగతి. 1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుంచి బెంగళూరు వెళ్లిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎ320 రన్‌వేకి ముందే గోల్ఫ్ మైదానంలో పడింది. 146 మందిలో 92 మంది చనిపోయారు. ఇంజిన్లు ఐడిల్‌లో ఉండిపోయాయి, వేగం తగ్గుతూ పోయింది, కంప్యూటర్ ఆ క్షణాన ఏ పనిలో ఉందో ఇద్దరికీ వేళకు అందలేదు. ఎడమ సీటులో పరీక్షకు కూర్చున్న కెప్టెన్, కుడి సీటులో పరీక్షించే కెప్టెన్. ఆ కుడి సీటు గురించి నేను చాలా ఆలోచించాను. పక్కవాణ్ని చూస్తున్న కన్ను విమానాన్ని ఎప్పుడు చూడాలి?

సిమ్యులేటర్‌లో నీకు ఫ్రీజ్ బటన్ ఉంటుంది. నొక్కితే ఆకాశం ఆగిపోతుంది. కొత్త ఇన్‌స్ట్రక్టర్లు దాన్ని తెగ నొక్కుతారు. మన కామాటిపుర పెద్దలు నిజాం ఇలాకా నుంచి బొంబాయికి కట్టడం పనికే వచ్చారు, నీకు చెప్పనక్కర్లేదు. వాళ్ల పనిలోనూ ఇంతే: గోడ వంకర పోతోందని మేస్త్రీ తాపీ లాక్కుని తనే కడితే, కుర్రాడికి ఆ వంకర ఎప్పటికీ కనపడదు. రెండు వరసలు పోనియ్యి. పెట్టెలో ఎవరూ చావరు. అయితే తప్పుడు అలవాటు చేతికి అంటుకుంటోందని అనిపిస్తే మాత్రం వెంటనే ఆపు. ఆ రెంటికీ తేడా ఏ మాన్యువల్‌లోనూ రాసిలేదు.

సెషన్ తర్వాత డీబ్రీఫింగ్. రాత్రి రెండింటి స్లాట్ ముగిసి కళ్లు మూతలు పడుతుంటాయి. ఎదురుగా యాభై దాటిన కెప్టెన్, పక్కన కొత్త కో-పైలట్. ‘ఎందుకలా చేశారు’ అని అడిగితే ఆయన వాదన మొదలుపెడతాడు. ‘అప్పుడు మీకేం కనిపించింది సార్’ అని అడుగు, నిజం చెబుతాడు.

పెద్దోళ్లకు ఎదురు చెప్పొద్దని నిన్ను ఖోలీలో పెంచాం. అది ఇంట్లో ఉండనీ. 2010 మే 22న మంగళూరులో దిగుతున్న విమానంలో కో-పైలట్ గో-అరౌండ్, అంటే దిగకుండా మళ్లీ పైకి లేద్దాం, అని చెప్పాడు, కెప్టెన్ దిగడానికే చూశారు, 158 మంది పోయారు. చిన్నవాడు చెప్పిన మాట పెద్దవాడి చెవికెక్కేలా, ఎక్కకపోతే చిన్నవాడి చెయ్యి కదిలేలా నేర్పాలి. ముందు నీకు అది రావాలి.

ఈ నెల కళ్ల పరీక్ష చేయించుకో, మెడికల్ సంగతి ముందే తేలుతుంది. తర్వాత 1990 బెంగళూరు ప్రమాదం మీద దొరికిందల్లా చదువు. కుడి సీటులో నువ్వే ఉంటే ఎన్ని అడుగుల ఎత్తున నోరు తెరిచేదానివో, ఏ మాట అనేదానివో ఒక్క కాగితం మీద రాసి పంపు. తప్పెవరిదో రాయకు.

ఇట్లు,
నీ పెద్దబాపు