గేర్ ఆయిల్ పాలరంగుకు మారితే...



నేను చదివినది బి.కాం., చేసినది బ్యాంకు గుమాస్తా ఉద్యోగం. అయినా ఈసారి పడవ మోటారు గురించి రాస్తున్నాను. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివే మన రాజపాళయం పిల్లలకు ఇది ఉపయోగపడుతుందని నా నమ్మకం.

తూత్తుకుడి బ్రాంచిలో పడవ మోటార్ల అప్పుల లెడ్జరు నేను చూసేవాడిని. ఒక జాలరి అవుట్‌బోర్డు మోటారులో, నీటిలో మునిగి ఉండే కింది గేర్ పెట్టె ఆయిల్ పాలు కలిపిన కాఫీలా మారింది. మెకానిక్ ఆయిల్ మార్చి పంపాడు. కొన్ని వారాలకు మళ్లీ అదే రంగు, మళ్లీ కొత్త ఆయిల్. చివరకు బేరింగులు, గేర్లు తుప్పు పట్టాయి. వేట ఆగింది, వాయిదాలూ ఆగాయి. నేను లెడ్జరులో బకాయి చూపించాను.

తర్వాత ఒక పాత మెకానిక్ ప్రొపెల్లర్ విప్పాడు. దాని వెనుక షాఫ్టుకు వల నైలాన్ దారం చుట్టుకొని, ఆయిల్ సీలును కోసేసి ఉంది.

ట్రయల్ బ్యాలెన్సు కుదరకపోతే తేడాను సస్పెన్స్ ఖాతాలో వేస్తాం. రెండు వైపులా సరిపోతాయి కానీ తప్పు అలాగే ఉంటుంది. ఆయిల్ మాత్రం మార్చి ఊరుకోవడం అలాంటిదే. నీరు వచ్చే దారిని వెతకాలి. ఖర్చు లేని పరీక్షలు ముందు, ఖర్చుతో కూడినవి తర్వాత.

1. మోటారును ఒక రాత్రి నిలువుగా ఉంచండి. నీరు ఆయిల్ కన్నా బరువు కనుక అడుగుకు చేరుతుంది. కింది స్క్రూ కొద్దిగా వదులు చేస్తే ముందు నీరే వస్తుంది. పూర్తిగా కలిసిపోతే ఆయిల్ పాలరంగులో ఉంటుంది. లోహపు ముక్కలు వస్తే గేర్లు దెబ్బతిన్నట్లే.

2. కింది, పై స్క్రూల వాషర్లు చూడండి. విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయాలి.

3. స్పార్క్ ప్లగ్ వైరు తీసిన తర్వాతే ప్రొపెల్లర్ విప్పండి. దారం ఉందేమో, షాఫ్టు మీద సీలు తగిలే చోట గాడి పడిందేమో చూడండి. గాడి ఉంటే కొత్త సీలు కూడా ఆగదు.

4. ఆయిల్ తీసేసి, కింది స్క్రూ బిగించి, పై రంధ్రానికి గేజీ ఉన్న చేతిపంపు అమర్చండి. తయారీదారు పుస్తకంలో చెప్పినంత వరకే గాలి ఎక్కించండి. మామూలుగా చదరపు అంగుళానికి 10 పౌండ్ల దరిదాపుల్లో ఉంటుంది. సబ్బు నీళ్లు పూసి, షాఫ్టులను చేత్తో తిప్పుతూ, గేరు మారుస్తూ గమనించండి. ప్రొపెల్లర్ షాఫ్టు సీలు, నీటి పంపు కింద ఉండే డ్రైవ్ షాఫ్టు సీలు, గేరు మార్చే కడ్డీ సీలు, పెట్టె అతుకులు, పగుళ్లు - బుడగలు వచ్చిన చోటే లీకు.

5. వాక్యూమ్ పంపుతోనూ పరీక్షించాలి. వేడెక్కిన పెట్టె నీటిలో చల్లబడితే లోపలి పీడనం తగ్గి, నీటిని లోపలికి లాగుతుంది.

లీకు సరిచేశాక ఆయిల్‌ను కింది రంధ్రం నుంచి, పైన పొంగే వరకు నింపండి. పై స్క్రూ ముందు, కింది స్క్రూ తర్వాత బిగించాలి. కొన్ని ప్రయాణాల తర్వాత ఆయిల్ రంగు మళ్లీ చూడండి.

మన ఊరి నూలు మిల్లుల గేర్‌బాక్సులకూ ఆయిల్ సీళ్లు ఉంటాయి. రేపు మీరు ఎక్కడ పనిచేసినా, ఆయిల్ మార్చే ముందు "ఇది ఎందుకు పాడైంది?" అని ఒక్కసారి అడగండి. ఆ రోజు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, నాతో సహా. ఆ కుటుంబం ఒక సీజను సంపాదన పోగొట్టుకుంది.