మేడిపండులోని పురుగు

(ఆమోసు 7:10–15; లూకా 19:1–10 చదువుడి)

సీతాఫల్‌మండిలో ఆరాధన ముగిసిన పిమ్మట ఆదివారపు బడి పిల్లలతో విశ్వవిద్యాలయపు ఆవరణలోనికి నడచిపోవుట మాకు అలవాటు. ఒకనాడు అచ్చటి మేడిచెట్టు క్రింద ఒక బాలుడు ఎఱ్ఱని పండు ఏరి నోట పెట్టుకొనబోగా, "పారవేయుము, దానినిండ పురుగులే" అంటిమి. "అయితే ఆమోసు ఎందుకు ఏరుకొనెనండీ?" అని వాడడిగెను. మాయొద్ద జవాబు లేకపోయెను.

వేమన పద్యము మూలమున మేడిపండనగానే మనకు వేషధారి జ్ఞప్తికి వచ్చును. మేమును ఎన్నో ఏండ్లు అట్లే బోధించితిమి. పరిశుద్ధ గ్రంథములో ఈ చెట్టు పలుమారులు కనబడుచున్నది గాని ఆ నింద ఎక్కడను లేదు. దావీదు దీనిని చూచుకొనుటకు ఒక అధికారిని సహితము నియమించెను (1 దిన. 27:28).

ఇక ఆ పురుగు సంగతి. మేడిపువ్వులు పైకి కనబడవు; కాయ లోపలనే యుండును. కందిరీగ జాతికి చెందిన మిక్కిలి చిన్న ఆడపురుగు కాయ కొననున్న సన్నని రంధ్రమున దూరును. ఆ యిరుకులో దాని రెక్కలు ఊడిపోవును. తెచ్చిన పుప్పొడిని పువ్వులకు చేర్చి, గ్రుడ్లు పెట్టి, అక్కడనే చచ్చును. దాని ఆడుపిల్లలు పుప్పొడితో వెలుపలికి వచ్చి మరియొక కాయను వెదకికొని పోవును. ఈ పురుగు రానిదే మేడికి విత్తనము లేదు. మనము కుళ్లనుకొన్నది ఆ చెట్టు సంతానమునకే ఆధారము! దీని లేత చిగుళ్లను, పచ్చికాయలను కూర వండుకొనువారున్నారు. కరవు దినములలో పండ్లను ఎండబెట్టి పిండి కొట్టుకొనిరి.

ఆమోసు ఎరిగిన చెట్టు అచ్చముగా మన మేడి కాదు, దాని దగ్గరి బంధువు. పుప్పొడి తెచ్చు పురుగు ఆ దేశమున లేదు గనుక కొమ్మలు నాటి పెంచుదురు. కాయను కత్తితో గీరినయెడల మూడు నాలుగు దినములలో పండి తియ్యనగును. ప్రాచీన గ్రీకు అనువాదము ఆమోసు పనిని ఏరుటయని గాక గీరుటయనియే చెప్పుచున్నది. తెకోవ కొండమీది ఊరు. ఈ చెట్లు పల్లపు ప్రదేశమువి. అతడు కొండ దిగివచ్చి ఒక్కొక్క కాయను చేతబట్టి గీరియుండవలెను. యూదాకు పోయి అచ్చట పొట్ట పోసికొమ్మని బేతేలు యాజకుడు కసరినప్పుడు అతడు చెప్పుకొన్నది ఈ కాయకష్టమునే.

జక్కయ్య ఎక్కినదియు ఈ చెట్టే. కొమ్మలు తక్కువ ఎత్తుననే చీలును గనుక పొట్టివానికిని అందును.

వచ్చు ఆదివారము ఒక చిన్న చాకు వెంట తీసికొని ఆ బాలునితో మరల ఆ చెట్టు క్రిందికి పోవుచున్నాము. చీమలు పట్టని పండు దొరికినయెడల మేమే ముందు తిని చూపుదుము.