మీ నాలుకకే తీర్పు వదిలేయండి

ఏ చిన్న నిర్ణయానికైనా నలుగురిని అడిగితే గానీ మనసు కుదుటపడని వాళ్లకు నేనొక పని చెబుతాను. పుస్తకం చదవమనను, శిక్షణ తరగతికి వెళ్లమనను. రెండు మామిడిపండ్లు, పదునైన చాకు తీసుకుని మామిడి సాల్సా చేయమంటాను, అంటే మామిడి ముక్కల్లో ఉల్లి, మిర్చి, నిమ్మరసం కలిపే వంట. 20 నిమిషాల పని. పొయ్యి వెలిగించక్కర్లేదు.

ఈ వంటే ఎందుకంటే, ఇందులో కొలతలు పట్టుకుని గట్టెక్కలేం. ఒకే బుట్టలో తెచ్చిన రెండు బంగినపల్లి పండ్లలో ఒకటి తియ్యగా, ఒకటి పులపుల్లగా ఉంటుంది. నిమ్మకాయ నిమ్మకాయకీ రసం మారుతుంది, పచ్చిమిర్చి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎంత వేయాలో ఆ పూట, ఆ గిన్నె ముందు నిలబడి మీరే తేల్చుకోవాలి.

సాల్సా పుట్టిల్లు మెక్సికో. అక్కడ వీధి బళ్ల మీద మామిడి, అనాస, కీరా ముక్కలపై నిమ్మకాయ పిండి, ఉప్పూ కారం చల్లి ఇస్తారు. బడి గేటు దగ్గర ఉప్పుకారం అద్దిన మామిడి ముక్క తిన్న మనకు ఆ రుచి కొత్త కాదు. మిరప అక్కడి నేల పంట. 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి చేరింది. మామిడి ఆసియా నుంచి అటు వెళ్లింది. 1565 నుంచి 1815 దాకా మనీలాకూ మెక్సికోలోని అకపుల్కో రేవుకూ మధ్య స్పెయిన్ ఓడలు తిరిగాయి. ఒక రకం మామిడిని అక్కడ నేటికీ మనీలా మామిడి అనే అంటారు. నిమ్మ, ఉల్లి, కొత్తిమీర కూడా స్పెయిన్ వాళ్లతో వెళ్లినవే. బయటి నుంచి వచ్చినవాటిని రుచి చూసి, తమ మిరపకు ఏది జతపడుతుందో తేల్చుకున్న జనం వంట ఇది. నాకు ఈ వంట మీద గౌరవం అందుకే.

పండు దగ్గరే మొదటి నిర్ణయం. దోరగా ఉండాలి, వేలితో నొక్కితే కొద్దిగా మాత్రమే లొంగాలి. రసాలు దీనికి పనికిరావు, పీచూ రసమూ ఎక్కువై ముక్క నిలవదు. దోర కలెక్టర్ కాయ దొరికితే ఇంకా మేలంటాను, పులుపు దానిలోనే ఉంటుంది. మామిడి రోజులు కాకపోతే అనాస, జామ బాగుంటాయి. పుచ్చకాయ మాత్రం మొదటిసారి వద్దు, అంతా నీరే.

సెంటీమీటరు ముక్కలు కోయండి. అన్నీ ఒకే సైజులో ఉంటేనే ప్రతి చెంచాలోకీ అన్ని రుచులూ వస్తాయి. కోసే పది నిమిషాలూ ఫోను వేరే గదిలో ఉంచండి. ఒక చిన్న ఉల్లిపాయ సన్నగా తరిగి, చన్నీళ్లలో పది నిమిషాలు ఉంచి పిండేస్తే ఘాటు తగ్గుతుంది. పచ్చిమిర్చి కారమంతా గింజల్లో ఉందనుకుంటాం. నిజానికి గింజలు అంటుకునే తెల్లటి పొరలో ఉంటుంది. ఆ పొర తీసేసి సగం కాయతో మొదలుపెట్టండి. తక్కువైతే కలుపుకోవచ్చు, ఎక్కువైతే వెనక్కి తీయలేం. కారం చేతికి అంటితే ముందు కాస్త నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగండి. గుప్పెడు కొత్తిమీర తరిగి వేస్తే సరుకు సిద్ధం.

ఇప్పుడు అసలు పని. సగం చెక్క నిమ్మరసం, చిటికెడు ఉప్పు వేసి కలిపి, రెండు నిమిషాలు ఆగి రుచి చూడండి. "బాగుందా?" అని అడుక్కోకండి. ఆ ప్రశ్నకు అవును, కాదు తప్ప జవాబు రాదు. "ఏం తక్కువైంది?" అని అడగండి. చప్పగా ఉంటే ఉప్పు. తీపి మొహం మొత్తేలా ఉంటే నిమ్మరసం. నాలుక మండితే ఇంకొన్ని పండు ముక్కలు. ఒకసారికి ఒక్కటే మార్చి, మళ్లీ రుచి చూడండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, రేపటికి మీరు నేర్చుకున్నదేమీ ఉండదు. ఉద్యోగ దరఖాస్తు రాసినా, నెల ఖర్చుల లెక్క వేసినా ఇదే ప్రశ్న, ఇదే వరస పనికొస్తుంది. దరఖాస్తు చదివి "బాగుంది" అన్న స్నేహితుడి వల్ల మీకు ఒరిగేది లేదు. ఇందులో ఏం లోపించిందో మీరే చెప్పగలిగిన రోజున అది మెరుగవుతుంది.

మీ తీర్పు మనసులో ఖాయమయ్యేదాకా ఇంట్లోవాళ్లకు చెంచా ఇవ్వకండి. ఇచ్చాక నాన్నగారు కారం చాలలేదంటారు, చెల్లి ఎక్కువైందంటుంది. రెండూ నిజమే, ఎవరి నాలుక వాళ్లది. తరిగిన మిర్చి పక్కన పెట్టి కావలసినవాళ్లను కలుపుకోమనండి. గిన్నెలో ఉన్నదాన్ని మాత్రం మార్చకండి.

ఇక అల్మరా నిండా డబ్బాలుంటాయి. చాట్ మసాలా, మిరియాల పొడి, వేయించిన జీలకర్ర పిలుస్తుంటాయి. పోపు పెడదామని కూడా అనిపిస్తుంది. వద్దు. దేనికది మంచిదే, అన్నీ పడితే మామిడి మాయమవుతుంది. ఎటూ తేల్చుకోలేని చెయ్యే అన్నీ వేస్తుంది. ఏది వద్దో చెప్పడం చాలామందికి మరీ కష్టం, అందుకే ఆ సాధన ఇక్కడ చేయమంటున్నాను.

ఎప్పుడు ఆపాలో కూడా ఈ వంటే చెబుతుంది. ఉప్పు పడగానే పండు నీరొదలడం మొదలవుతుంది, కాసేపటికి గిన్నె అడుగున రసం చేరుతుంది. కాబట్టి ఉప్పు చివరకే వేయాలి, వేశాక గంటల తరబడి సవరిస్తూ కూర్చోకూడదు. చాలు అనిపించాక వడ్డించేయడమే. మెక్సికోలో మొక్కజొన్న చిప్స్‌తో తింటారు. మనకు చెక్కలున్నాయి, సర్వపిండి ఉంది, చేప వేపుడు పక్కనైతే ఇంకా బాగుంటుంది. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికల్లా తినేయండి.

ఈ ఆదివారమే చేయండి. వరసగా వీడియోలు చూసి ఎవరి కొలతలో అరువు తెచ్చుకోకండి. తిన్నాక ఏం తక్కువైందనిపించిందో, దేనితో సరిదిద్దారో రెండు వాక్యాలు రాసి పెట్టుకోండి. పై ఆదివారం అనాసతో చేయండి, అప్పుడూ మొదటి చెంచా మీరే రుచి చూడండి.