గోలీ పని: బంతి పట్టడం, బంతి అందించడం

ఈ నెల గోడ పత్రికలో నేను ఫుట్‌బాల్ గోలీ గురించి రాస్తున్నాను. తప్పులుంటే క్షమించగలరు.

సాయంత్రం ఆటల పీరియడ్‌లో జట్లు వేసుకునేటప్పుడు అందరూ "నేను ముందు ఆడతా, గోల్ కొడతా" అంటారు. గోలీగా ఉండమంటే ఎవరూ ఒప్పుకోరు. చివరికి బాగా పరుగెత్తలేని అమ్మాయిని అక్కడ నిలబెడతారు. ఏడో తరగతిలో నన్నూ అలాగే నిలబెట్టారు. "నువ్వు ఊరికే నిలబడు చాలు" అన్నారు.

ఊరికే నిలబడితే చాలదని పోయిన ఏడాది పోటీలకు వెళ్ళినప్పుడు తెలిసింది. ఆట ముగియడానికి కొద్ది నిమిషాలే ఉంది. రెండు జట్లకూ గోల్ లేదు. బంతి నా మీదకి వచ్చింది, బాగానే పట్టుకున్నాను. అందరూ "కొట్టు, కొట్టు" అని అరిచారు. నేను భయపడి ముందుకు పరుగెత్తి, ఎటూ చూడకుండా గట్టిగా తన్నేశాను. అది నేరుగా అవతలి జట్టు అమ్మాయి దగ్గరకి పోయింది. ఆమె తిరిగి కొట్టింది. నేను వెనక్కి వచ్చేలోపే గోల్ అయిపోయింది. ఓడిపోయాము. జీపులో వచ్చేటప్పుడు ఎవరూ నాతో మాట్లాడలేదు. మర్నాడు పి.ఇ.టి. మేడమ్ గారు, "నీకు పట్టడం వచ్చింది, ఇవ్వడం రాలేదు. రెండూ వస్తేనే గోలీ" అన్నారు. అప్పటినుండి నేర్చుకున్నది కింద రాస్తున్నాను.

1. కొలతలు, నియమాలు

గోల్ వెడల్పు 7.32 మీటర్లు, అంటే 24 అడుగులు. ఎత్తు 2.44 మీటర్లు, అంటే 8 అడుగులు. పెద్దవాళ్ళ బంతి బరువు 410 నుండి 450 గ్రాములు ఉండవలెను. గోలీ తన పెనాల్టీ బాక్స్ లోపల మాత్రమే బంతిని చేత్తో ముట్టుకోవచ్చు. ఆ బాక్స్ గోల్ గీత నుండి 16.5 మీటర్ల వరకు ఉంటుంది. 1912కు ముందు గోలీ తన సగం మైదానంలో ఎక్కడైనా చేత్తో పట్టేదట.

మనవాళ్ళు కావాలని కాలితో మనకే ఇచ్చిన బంతిని చేత్తో పట్టకూడదు. ఈ నియమం 1992లో వచ్చింది. చేతిలో బంతిని ఎక్కువసేపు ఉంచుకోకూడదు. ముందు 6 సెకన్లు ఉండేది. 2025లో దానిని 8 సెకన్లు చేశారు. 8 సెకన్లు దాటితే అవతలి జట్టుకు కార్నర్ కిక్ ఇస్తారు. చివరి 5 సెకన్లు రిఫరీ చెయ్యెత్తి వేళ్ళతో లెక్కపెడతాడు.

2. బంతి పట్టే పద్ధతి

ముందు సరిగ్గా నిలబడాలి. కాళ్ళు భుజాల వెడల్పున ఉంచి, మోకాళ్ళు కొంచెం వంచి, బరువు పాదాల ముందు భాగం మీద పెట్టాలి. చేతులు ముందుకు ఉండాలి. నడుం మీద చేతులు పెట్టుకుంటే బంతి వచ్చేసరికి అందవు.

(అ) ఛాతీకి, తలకి వచ్చే బంతి: వేళ్ళు విప్పి, రెండు బొటనవేళ్ళు దాదాపు ఆనుకునేలా పెట్టాలి. అరచేతులు బంతి వెనక ఉండాలి. బొటనవేళ్ళు దూరంగా ఉంటే బంతి మధ్యలోంచి జారి ముక్కుకి తగులుతుంది. నాకు తగిలింది.

(ఆ) నేల మీద వచ్చే బంతి: ఇక్కడ చిటికెన వేళ్ళు దగ్గరకి రావాలి. ఊటలో నీళ్ళు దోసిలి పట్టినట్టు పట్టాలి. ఒక మోకాలు నేల వైపు వంచి కాళ్ళ మధ్య సందు మూసెయ్యాలి. చెయ్యి తప్పినా కాలు ఆపుతుంది.

(ఇ) కడుపు దగ్గరకి వచ్చే బంతి: ముందుకి వంగి, రెండు చేతులతో పసిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి హత్తుకోవాలి.

బంతి తగిలేటప్పుడు చేతులు కర్రలా బిగించకూడదు, కొంచెం వెనక్కి రానివ్వాలి. భౌతిక శాస్త్రంలో న్యూటన్ రెండో నియమం చదివాం గదా, ఇదే అది. ఆగడానికి ఎక్కువ సమయం ఇస్తే చేతి మీద బలం తగ్గుతుంది. నొప్పి ఉండదు, బంతి ఎగిరిపోదు.

వానాకాలం బంతి తడిసి జారుతుంది. పట్టలేనని అనిపిస్తే పక్కకి గాని, అడ్డకర్ర పైకి గాని తోసెయ్యాలి. ఎదురుగా మాత్రం వదలకూడదు. అక్కడ అవతలివాళ్ళు కాచుకుని ఉంటారు.

3. బంతి అందించే పద్ధతి

పట్టగానే మన పని అయిపోదు. బంతి మన జట్టు అమ్మాయి కాలికి చేరినప్పుడే అయిపోతుంది. అందుకే పట్టగానే ముందు తలెత్తి చూడాలి. 8 సెకన్లు తక్కువేమీ కాదు. మనసులో ఒకటి, రెండు, మూడు అనుకునేలోపు ఎవరు ఖాళీగా ఉన్నారో కనిపిస్తుంది.

దగ్గర్లో ఉన్న అమ్మాయికి: వంగి, నేల మీద దొర్లించాలి. బంతి గెంతకూడదు, గెంతితే ఆపడం కష్టం.

కొంచెం దూరమైతే: చెయ్యి చాపి తల పైనుంచి తిప్పి విసరాలి. ఎదురు కాలు ముందుకి వెయ్యాలి.

బాగా దూరమైతే: చేతిలోంచి వదిలి తన్నాలి. ఇది దూరం పోతుంది గాని అనుకున్న చోటికి చేరడం కష్టం. కాబట్టి దగ్గర్లో ఎవరూ ఖాళీగా లేనప్పుడే తన్నాలి. ఎప్పుడూ గోల్ ఎదురుగా మధ్యలోకి కాకుండా పక్కలకి ఇవ్వడం మంచిది.

4. పిలవడం

గోలీకి నోరు కూడా కావాలి. భయం వేసినప్పుడు నాకు మా ఇంటి మాటే వస్తుంది. ఒకసారి "నాది" అని కోయలో అరిచాను. వెనక ఆడే అక్కకి కోయ రాదు. ఇద్దరం బంతి మీదకెళ్ళి గుద్దుకున్నాం. ఇప్పుడు అందరం రెండు మాటలు ఒప్పుకున్నాం. "నాది" అంటే గోలీ పడుతుంది, మిగతావాళ్ళు తప్పుకోవాలి. "కొట్టు" అంటే అక్కే కొట్టెయ్యాలి. ఏ భాష అయినా ఫర్వాలేదు, ముందే ఒప్పుకోవాలి.

5. రోజూ చేయదగిన అభ్యాసం

ఇద్దరు అయిదు అడుగుల దూరంలో నిలబడి ఛాతీకి 20, నేల మీద 20 సార్లు విసురుకోవాలి. తర్వాత పది అడుగుల దూరంలో రెండు రాళ్ళు పెట్టి, వాటి మధ్యనుంచి బంతి దొర్లించాలి. మొదటి రోజు నాకు పదిలో మూడే పోయాయి. ఇప్పుడు ఎనిమిది పోతున్నాయి.

6. గొప్ప గోలీలు

హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజ్ 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో మన గోలీ. దక్షిణ కొరియాను 2-1 తో ఓడించి బంగారు పతకం గెలిచాము. ఆ జట్టు శిక్షకుడు రహీమ్ గారు కూడా హైదరాబాదువారే. ఆయన ముందు బడిలో ఉపాధ్యాయుడు. అమ్మాయిల్లో అదితి చౌహాన్ 2015లో ఇంగ్లండులో వెస్ట్‌హామ్ మహిళల జట్టుకు గోలీగా ఆడింది.

ముగింపు

పోయిన ఆదివారం ఆటలో బంతి పట్టాను. మళ్ళీ అందరూ "కొట్టు, కొట్టు" అన్నారు. నేను కొట్టలేదు. చూశాను. ఎడమ పక్కన ఏడో తరగతి చెల్లి ఒక్కతే ఉంది. దొర్లించాను. ఆమె తీసుకుని పరుగెత్తింది. గోల్ అవ్వలేదు గాని బంతి మన దగ్గరే ఉంది.

నా విన్నపము: ఎవరినీ చేతకాదని గోల్ దగ్గర నిలబెట్టవద్దు. అందరం వంతులవారీగా నేర్చుకుందాం. వార్డెన్ మేడమ్ గారు దయచేసి ఇంకో జత గ్లవ్స్ ఇప్పించగలరు. ముగ్గురు గోలీలకి ఒక్క జతే ఉంది, అదీ చిరిగింది.

ప్రశ్నలు (జవాబులు శనివారం లోపు నాకు ఇవ్వండి):
1) నేల మీద వచ్చే బంతికి ఏ వేళ్ళు దగ్గరగా ఉండాలి?
2) గోలీ బంతిని చేతిలో ఎన్ని సెకన్లు ఉంచుకోవచ్చు?
3) పట్టలేని బంతిని ఎటు తొయ్యాలి?

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని, మన జట్టు గోలీ