పాయింటు నొక్కితే చాలా?

అంతర్వేది పల్లిపాలెం. పొద్దు వాలింది. అరుగు మీద అత్త వల బాగు చేస్తోంది. కోడలు పక్కన కూర్చుని నోటు పుస్తకం తిరగేస్తోంది.

"ఏం చదువుతున్నావే అమ్మాయ్?"

"బోటు జీపీఎస్ పాయింట్లు అత్తా. మీ అబ్బాయి చెబితే రాశాను."

"మిషనులో ఉన్నాయిగా! పుస్తకం ఎందుకు?"

"మిషను తడిస్తే? బ్యాటరీ అయిపోతే? పుస్తకంలో రాసినవి ఉంటాయి."

పాయింటు అంటే ఏమిటి?

సముద్రంలో ఊరి బోర్డులు ఉండవు. కానీ ప్రతి చోటుకూ రెండు లెక్కలు ఉంటాయి. ఒకటి అక్షాంశం. రెండోది రేఖాంశం. అంతర్వేది దగ్గర అక్షాంశం 16 డిగ్రీల 20 నిమిషాలు. రేఖాంశం 81 డిగ్రీల 44 నిమిషాలు. ఇవి గడియారం నిమిషాలు కావు. ఈ రెండు లెక్కలూ కలిపి మిషనులో దాచుకుంటే అదే పాయింటు. ఆకాశంలోని ఉపగ్రహాల సాయంతో మిషను బోటు ఉన్న చోటు తెలుసుకుంటుంది. అక్కడి నుంచి పాయింటుకు గీత గీసి చూపిస్తుంది.

ఒక్క అంకె తప్పితే?

అక్షాంశంలో ఒక నిమిషం అంటే సుమారు 1,850 మీటర్లు. 20 బదులు 02 అని నొక్కామనుకోండి. 33 కిలోమీటర్లు తేడా వస్తుంది. బోటు ఒడ్డుకు రాదు. నడిసముద్రంలోకి పోతుంది. తప్పు నొక్కామని మిషనుకు తెలియదు. అందుకే ఒకరు చదవాలి, మరొకరు సరిచూడాలి. మిషను చూపే దూరం మనకు తెలిసిన దూరంతో కలవాలి.

అత్త నవ్వింది. "మొగలో ఇసుక మేటల సంగతి మిషనుకేం తెలుసే?"

అత్త మాట నిజం. ఇక్కడ వశిష్ఠ గోదావరి సముద్రంలో కలుస్తుంది. వరద వస్తే మేటలు చోటు మారతాయి. నిరుడు లోతున్న చోట ఈ ఏడు మేట ఉండవచ్చు. మిషను మాత్రం తిన్నగా గీత గీస్తుంది. అందుకని:

- పాయింటు మొగ బయట, లోతు నీళ్లలో పెట్టుకోవాలి. అక్కడ ఆగి, చూసి లోపలికి రావాలి.
- దారిలో మేట ఉంటే, చుట్టూ తిరిగి వచ్చేలా మధ్యలో ఇంకో పాయింటు పెట్టాలి.
- పగటి వేళ, పోటు మీద మొగలోకి రావడం మేలు.
- పాయింటు పక్కన తేదీ రాయాలి. వరద తర్వాత మళ్లీ చూసుకోవాలి.
- మిషను ఉన్నా, నీటి మీద చూపు తప్పకూడదు.

ఇంట్లో ఒక కాగితం

బోటు ఏ పాయింటుకు వెళ్తోంది? ఎప్పుడు తిరిగి వస్తుంది? బయలుదేరే ముందే రాసి ఉంచండి. వేళకు రాకపోతే తీర రక్షక దళానికి 1554కు ఫోను చేయండి. మీ చేతిలో అంకెలుంటే ఎక్కడ వెతకాలో వారికి తెలుస్తుంది.

అత్త పుస్తకం తీసుకుంది. వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది.

"మొగ పాయింటుకు ఈ పేజీలో 44 ఉంది. ఆ పేజీలో 41 ఉందేమిటే?"

కోడలు తొంగి చూసింది. నిజమే! మూడు నిమిషాల తేడా. అంటే ఐదు కిలోమీటర్ల పైమాటే.

"మీ అబ్బాయి రాగానే మిషనులో చూపించమంటాను అత్తా" అంది.

జవాబులు చెప్పండి

1. పాయింటును ఇద్దరు ఎందుకు సరిచూడాలి?
2. వరద తర్వాత పాత పాయింటును ఎందుకు నమ్మకూడదు?
3. మీ ఇంటి బోటు పాయింట్లు ఎక్కడ రాసి ఉన్నాయి?